రెక్కలకు అర్చన

రావమ్మా, రంగుల రేకా! రావమ్మా, సీతమ్మ కోక చెంగులోంచి చివాలున ఎగిరిన చిలుకా! తూరుపున సముద్రం ఇంకా కళ్ళు నులుముకుంటోంది. పుదుచ్చేరి వాకిళ్ళలో ముగ్గు తడి ఆరలేదు. పసుపుపచ్చని గోడల మీద కాగితంపూలు రేయి తేమకు బరువెక్కి ఒరిగి ఉన్నాయి. పొద్దెక్కి రెక్కలు వెచ్చబడితే గాని నువ్వు రావని తెలుసు. అయినా 1826లో ఫ్రెంచివారు నెలకొల్పిన ఈ బొటానికల్ గార్డెన్ చెట్ల కింద, గుడి తలుపు తీసేదాకా కాచుకున్న భక్తుడిలా, చేతిలో అట్ట, అట్ట మీద కాగితం, చెవి మీద పెన్సిలుతో నీకోసం నిలబడ్డాను.

ఈ ఊరి తమిళ పిల్లలు నిన్ను పట్టాంపూచ్చి అంటారు. ఫ్రెంచి వచ్చినవాళ్ళు పాపియోఁ అంటారు. ఆ రెండు పిలుపుల్లోనూ పెదవులు రెక్కల్లా తాకి విడిపోతాయి. మా అమ్మ నేర్పిన మాటలో మాత్రం కోక రెపరెపలాడుతుంది.

మబ్బెంత, గాలెంత, గంటెంత అని కాగితం తలమీద రాసుకుని కదులుతాను. ఒకే బాట, ఒకే నడక, కళ్ళెదుటి అయిదు మీటర్లలో కనబడినవారికే చోటు. దాటిపోయినవారి కోసం వెనక్కి తిరగకూడదు. దీన్ని సర్వే అంటారు. నాకిది ప్రదక్షిణం. సహస్రనామం చదివేవారు నామానికొక పువ్వు వేసినట్టు, నేను నీ పేరుకొక గీత గీస్తాను. అయిదో గీత అడ్డంగా పడిందా, ఒక మాల కట్టినట్టే.

మారేడు దగ్గర మోకాళ్ళ మీద కూలబడ్డాను. పుదుచ్చేరి తన చెట్టుగా ఎంచుకున్నది ఈ మారేడునే. నలుపు మీద లేతపసుపు చిలకరించుకున్న నిమ్మచిలుక ఒకతె లేత దళం మీద వాలీ వాలనట్టు వాలి, ముంగాళ్ళతో ఆకును టపటపా తట్టింది. నాలుక పాదాల్లో ఉన్న తల్లి ఆమె. నా బిడ్డ తినదగిన ఆకువేనా నువ్వు అని అడిగింది. అవునని ఆకు చెప్పాక పొట్ట కొన విల్లులా వంచి ఒకే ఒక్క గుడ్డు పెట్టి లేచిపోయింది. ఆవగింజంత, వెన్నరంగు ముత్యమంత! దాన్నుంచి పిట్టరెట్టలా కనబడే పిల్లపురుగు వస్తుంది, పిట్ట చూసి కూడా ముట్టదు. రాబోయే అంత సొగసుకు ముందుగా ఎంత అనాకారి వేషం వేస్తావమ్మా! నియమం ప్రకారం రెక్కలున్నవారినే లెక్కపెట్టాలి. అయినా మనసొప్పక కాగితం అంచున ఒక చుక్క పెట్టుకున్నాను.

ఇక నీ నీలిరూపం! నల్లటి రెక్కల మీద నీటిరంగు చారలు, చుక్కలు, చిందులు. ఇంగ్లీషులో నువ్వు బ్లూ టైగర్‌వి, శాస్త్రంలో తిరుమల లిమ్నియేస్‌వి. 1880లో ఫ్రెడరిక్ మూర్ నీ ప్రజాతికి తిరుమల అని పేరు పెట్టాడు. ఆ మాట పుస్తకంలో మొదటిసారి చదివిననాడు నా చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. నైరుతి వానలకు ముందే పడమటి కనుమలు దిగి మైదానాల మీదుగా తూర్పు కొండలకు వస్తావు. అక్టోబరు, నవంబరుల్లో మళ్ళీ పడమటికి కదులుతావు. గుంపులు గుంపులుగా, కాలినడకన కొండకు పోయే యాత్రికుల్లా! ఆ వేళ గీతలు చాలవు, నిమిషానికి ఎందరు దాటారో చూసి గుణించుకోవలసిందే. దారిలో తేలుమణి ఎండుకొమ్మ దొరికితే నీ మగవాళ్ళు దానికి వేలాడి చేదు పీల్చుకుంటారు. ఆ చేదునే చెలిని పిలిచే పరిమళంగా మార్చుకుంటారు. చేదును అత్తరు చేసే ఆ విద్య ముందు ఏ కావ్యం నిలుస్తుంది!

ఈ తోటను పెంచిన పెరొత్తే దొర మొక్కల మనిషి. అయినా 1842లో గెరాఁ-మెన్‌విల్‌తో కలిసి, కాఫీ ఆకుల్లో సొరంగాలు తొలిచే బుల్లి తెల్ల శలభానికి శాస్త్రంలో పేరు పెట్టాడు. ఆకులు చూడబోయినవాడి కంటికి రెక్కలు తగిలాయి. నాకు ఆయన మీద ప్రేమ అందుకే.

చీకటి పడింది. అమావాస్య దగ్గరి రాత్రి. మేడ మీద తాడుకు తెల్ల పంచె ఆరవేసి దీపం పెట్టాను. శలభమా, మోహంతో మంటలో దూకుతావని నిన్ను కవులు పాడారు. 2024లో, నీ ఎగురుడును వేగపు కెమెరాలతో చూసినవారు వేరేమాట చెప్పారు: వెలుగున్న వైపే ఆకాశమని నమ్మి అటు వీపు తిప్పి ఎగరడం నీ తరతరాల అలవాటట. మా దీపాన్ని ఆకాశమనుకుని దాని చుట్టూ చిక్కుకుపోతావు. తల్లీ, నీ నమ్మకానికి మోహమని పేరు పెట్టాం. అందుకే నా దీపం తెల్లవార్లూ ఉండదు.

ఆర్పబోయే ముందు వచ్చింది, గన్నేరు శలభం. నాచుపచ్చ, లేతగులాబి, తెలుపు కలిసి చలువరాతి పొరల్లా ఒదిగిన రెక్కలు. మా పెరటి నందివర్ధనం ఆకులు తిని పెరిగిందేమో! వేలు చాపితే ఎక్కింది. ఎగరడానికి ఒళ్ళు వెచ్చబడాలి కదా, రెక్కలు వణికించసాగింది. తంబూరా తీగ మీద వేలు పెట్టినట్టు ఆ వణుకు నా మణికట్టు దాకా పాకింది. ఊపిరి బిగబట్టాను. జుమ్మని లేచి నందివర్ధనం మీదుగా చీకట్లోకి పోయింది. దీపం ఆర్పి, పంచెను మెల్లగా పొద మీద దులిపి, మిగిలినవారిని ఆకుల చాటుకు చేర్చాను. తెల్లారితే పిట్టలు వస్తాయి. టార్చి వెలుగులో కాగితం మీద ఆమె పేరు రాసి గీత గీస్తుంటే, వేలికంటిన పచ్చటి పొడి ఆ గీత పక్కనే అద్దుకుంది.