తెలుగు తరగతిగదిలో నూతన సాంకేతిక సాధనాలు: విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
తెలుగు రాష్ట్రాల పాఠశాలల్లోకి ట్యాబ్‌లు, ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, కృత్రిమ మేధ ఉపకరణాలు వేగంగా ప్రవేశిస్తున్నాయి. ఎన్ని పరికరాలు అందాయి, ఎన్ని పాఠాలు తెరకెక్కాయి అన్న లెక్కతోనే వాటి ప్రయోజనాన్ని నిర్ణయించడం పరిపాటి అయింది. భాషాబోధనకు ఈ కొలమానం చాలదు. విద్యార్థి స్వయంగా చేయవలసిన భాషాభ్యాసానికి సాధనం ఎక్కడ తోడ్పడుతోంది, ఎక్కడ ఆ పనిని తానే చేసిపెడుతోంది అన్నది అసలు ప్రశ్న. ఛందస్సు, లేఖనం, మాండలికం, వ్యాసరచన అనే నాలుగు అంశాల ఆధారంగా ఈ వ్యాసం ఆ ప్రశ్నను పరిశీలిస్తుంది.

కీలకపదాలు: తెలుగు బోధన, ట్యాబ్, ఛందస్సు, కీబోర్డు, మాండలికం, కృత్రిమ మేధ.

1. ఉపోద్ఘాతం:
శ్రవణం, భాషణం, పఠనం, లేఖనం అనే నాలుగింటిని భాషానైపుణ్యాలుగా విద్యావేత్తలు చెబుతారు. ఈ నాలుగూ అభ్యాసంతో అలవడేవే. కంటికి కనిపించని అణునిర్మాణాన్నో గ్రహగమనాన్నో తెరపై చూపితే విజ్ఞానశాస్త్ర పాఠానికి కలిగే మేలు స్పష్టం. భాష విషయం వేరు. నోరారా పలికితే, చేతితో రాస్తే, తప్పు చేసి దిద్దుకుంటే తప్ప అది పట్టుబడదు. అందువల్ల ఇతర పాఠ్యాంశాలకు మేలుచేసిన సాధనం తెలుగు పాఠానికీ అదే రీతిలో మేలుచేస్తుందని భావించడానికి వీలులేదు.

జాతీయ విద్యావిధానం 2020 కనీసం అయిదో తరగతి వరకు సాధ్యమైనచోట మాతృభాషలో బోధన జరగాలని చెప్పింది. విద్యలో సాంకేతికత వినియోగానికీ అందులో ప్రత్యేక స్థానం ఉంది. ఈ రెండు ఆశయాలు ఒకే తరగతిగదిలో ఎలా కలుస్తాయన్నది ఆచరణలో తేలవలసిన విషయం.

2. ప్రసారం నుంచి ట్యాబ్ దాకా:
తెలుగు పల్లెల్లోని బడిపిల్లలకు తెరపాఠం కొత్త కాదు. ఉపగ్రహం ద్వారా టెలివిజన్ పాఠాలు అందించే ‘సైట్’ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు ఉదయం బడిపిల్లల కోసం, సాయంత్రం పెద్దల కోసం కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు మళ్లీ టెలివిజనే ఆధారమైంది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠాలు ప్రసారం చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరు 21న ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది.

ఈ మూడు సందర్భాల్లోనూ పరికరం మారిందే కాని పాఠం నడిచే దిశ మారలేదు. పాఠం ఒకచోట తయారై అనేకచోట్లకు చేరుతుంది. విద్యార్థి దానిని అందుకుంటాడు. బడులు మూతపడిన కాలంలో అంతకుమించి ఆశించడం న్యాయం కాదు. ఉపాధ్యాయుడు ఎదుటే ఉన్న తరగతిలో కూడా అదే పద్ధతి కొనసాగితే ఆయన పని తెరను నడపడానికే పరిమితమవుతుంది. పైగా ఆ పాఠం ఎవరి ఆస్తి అన్న ప్రశ్న ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ ట్యాబ్‌లలో పాఠ్యసామగ్రిని సమకూర్చిన బైజూస్ మాతృసంస్థపై 2024 జూలైలో దివాలా ప్రక్రియ ప్రారంభమైంది. తరగతిగది అవసరాలను ఒక వ్యాపారసంస్థ ఆయుష్షుతో ముడిపెట్టడంలోని ప్రమాదాన్ని ఈ పరిణామం గుర్తుచేస్తుంది.

3. పరిశోధనలు చెప్పేది:
బోధనామాధ్యమం పాఠాన్ని మోసుకొచ్చే వాహనం మాత్రమే, అభ్యసనాన్ని కలిగించేది బోధనాపద్ధతి అని రిచర్డ్ క్లార్క్ 1983లో వాదించాడు. ప్రతి మాధ్యమానికీ తనవైన శక్తులుంటాయి, వాటిని బట్టి అభ్యసనమూ మారుతుంది అని రాబర్ట్ కోజ్మా తరువాత దానికి బదులిచ్చాడు. ఈ వాదం నేటికీ తెగలేదు. క్షేత్రపరిశోధనలు మాత్రం కొంత వెలుగునిస్తాయి. పెరూ దేశంలోని గ్రామీణ పాఠశాలల్లో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన పథకంపై 2012లో వెలువడిన అధ్యయనంలో గణితం, భాషల్లో ఎలాంటి ప్రగతీ కనిపించలేదు. ఢిల్లీలో బడివేళల తరువాత ‘మైండ్‌స్పార్క్’ అనే ఉపకరణంతో నడిచిన కేంద్రాలపై 2019లో ప్రచురితమైన అధ్యయనంలో గణితంతోపాటు హిందీలోనూ చెప్పుకోదగ్గ అభివృద్ధి నమోదైంది. ఢిల్లీలో ఉపకరణం ప్రతి విద్యార్థి ప్రస్తుత స్థాయిని కనిపెట్టి అక్కడి నుంచే అభ్యాసం చేయించింది. చిన్న బృందాలకు బోధకుల సాయం కూడా ఉంది. పెరూలో పరికరం చేతికి అందినా బోధనాపద్ధతి పెద్దగా మారలేదు. పంపిణీ లెక్కలు అభ్యసనానికి సాక్ష్యం కావని దీనివల్ల తెలుస్తుంది.

4. ఛందస్సు - యంత్రం చేసే గణవిభజన:
ఉన్నత పాఠశాల తెలుగు వాచకాల్లో ఛందస్సు ముఖ్యమైన భాగం. ‘ఛందం’ వంటి ఉపకరణాలు పద్యపాదాన్ని ఇచ్చిన క్షణంలో గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి, యతిప్రాసలు చూపుతాయి. పద్యకవులకు, పరిశోధకులకు ఇవి చేస్తున్న సేవ గొప్పది. తొమ్మిదో తరగతి విద్యార్థి అవసరం వేరు.

‘పద్యము’ అన్న మాటలో ‘ప’ అక్షరం హ్రస్వమే అయినా తరువాతి సంయుక్తాక్షరం వల్ల గురువవుతుంది. అందుకే అది భగణం. ‘కలము’లో అలాంటి ఊనిక లేదు, అది నగణం. ఈ తేడాను రెండు మాటలనూ పైకి పలికిన చెవి పట్టుకుంటుంది. తెరమీద గణవిభజన సిద్ధంగా కనబడితే విద్యార్థికి సమాధానం దొరుకుతుంది కాని చెవికి శిక్షణ దొరకదు. అయితే తప్పంతా యంత్రానిదే అనడం సరికాదు. భ, ర, న, భ, భ, ర, వ అని గణాలు వల్లెవేయించి, ఉత్పలమాల నడకను ఒక్కసారీ వినిపించని బోధన యంత్రానికి ముందే ఉంది. ఆ లోపాన్ని సాధనం ఇప్పుడు వేగవంతం చేస్తోంది.

క్రమాన్ని తలకిందులు చేస్తే అదే ఉపకరణం మంచి తోడు అవుతుంది. విద్యార్థి ముందు పద్యాన్ని చదివి, తానే గురులఘువులు గుర్తించి, ఆ తరువాత యంత్రం ఇచ్చిన ఫలితంతో పోల్చుకోవాలి. రెండింటికీ పొత్తు కుదరనిచోట చర్చ మొదలవుతుంది. తన పఠనాన్ని తానే రికార్డు చేసుకొని వింటే పదాన్ని ఎక్కడ విరిచాడో, ఎక్కడ ఊనిక తప్పాడో అతడికే తెలుస్తుంది. పూర్వం ఉపాధ్యాయుడు ఒక్కొక్కరిచేత చదివించి దిద్దిన పనికి ఇది కొనసాగింపు.

5. లేఖనం - కీబోర్డు ఎంపిక:
ట్యాబ్‌లో తెలుగు ఎలా రాయాలన్నది చిన్న విషయంగా కనిపించినా, బోధన దృష్ట్యా అది కీలకం. ‘స్త్రీ’ అన్న అక్షరాన్ని చేతితో రాసేటప్పుడు గుడిదీర్ఘం సకారం పైనే చేరుతుంది; తకార రకారాలు వత్తులుగా వస్తాయి. ఉచ్చారణలో మాత్రం ఈకారం చివరిది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుమీద స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన గుడిదీర్ఘం అనే వరుసలో కొట్టాలి. అంటే చేతిరాత అక్షరాకృతిని నేర్పితే, ఈ కీబోర్డు ధ్వనిక్రమాన్ని నేర్పుతుంది. సంయుక్తాక్షరాల పాఠానికి ఇంతకన్నా అనువైన సాధనం అరుదు.

ఆంగ్లాక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చే పద్ధతి సులువైనది కావడంతో ఎక్కువమంది దానినే వాడుతున్నారు. అక్కడ విద్యార్థి తెలుగు మాటను ముందు ఆంగ్లలిపిలో ఊహించుకోవాలి. ‘కల’ అని రాయాలా ‘కళ’ అని రాయాలా అన్న నిర్ణయం జ్ఞాపకం నుంచి కాక, తెర చూపే మాటల జాబితా నుంచి వస్తుంది. న-ణ, ల-ళ, శ-ష-స భేదాలు నేర్చుకునే వయసులో ఈ సౌకర్యం నష్టమే. చేతిరాతకు ప్రత్యామ్నాయంగా కాక, అది కుదిరిన తరువాత ధ్వనిక్రమాన్ని అనుసరించే తెలుగు కీబోర్డును బడిలోనే నేర్పడం సముచితం.

6. మాండలికం - తెర పలికే తెలుగు:
సిద్ధంగా తయారైన పాఠం సాధారణంగా ఒకే ప్రామాణిక భాషలో ఉంటుంది. ‘అంగడి’ అంటే తెలంగాణ పల్లెలో వారపుసంత; రాయలసీమలో దుకాణం. రెండూ సరైన అర్థాలే. తెర ఒక్క అర్థాన్నే చెప్పి ఊరుకుంటే రెండో ప్రాంతపు విద్యార్థి తన ఇంటిమాట తప్పని అనుకుంటాడు. జీవద్భాషకు చదువులో స్థానం ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి, సవర భాష నేర్చి ఆ పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించడానికి పూనుకున్నాడు. ఆయన లేవనెత్తిన ప్రశ్న ట్యాబ్ కాలంలోనూ వర్తిస్తుంది. గోండి, కోయ, సవర ఇంటిభాషలుగా గల పిల్లలకు అది మరింత వర్తిస్తుంది.

చేతిలోని పరికరానికి మైకు కూడా ఉంది. ఊరి పెద్దల నోట వ్యవసాయపు మాటలు, వంటపేర్లు, సామెతలు రికార్డు చేసి, అర్థాలు రాసి, తరగతిలో పోల్చి చూసే పని విద్యార్థులకు అప్పగించవచ్చు. అప్పుడు పరికరం పదసేకరణకు ఉపకరిస్తుంది.

7. వ్యాసరచన - కృత్రిమ మేధ:
2022 నవంబరులో చాట్ జీపీటీ వెలువడిన తరువాత వ్యాసం, లేఖ, కరపత్రం వంటి ప్రశ్నలకు సిద్ధమైన సమాధానం పొందడం సులభమైంది. ఆ రచనల్లో తరచు అనువాదపు వాసన ఉంటుంది. కర్మణి వాక్యాలు తెలుగు నడకకు మించి కనిపిస్తాయి. అలాంటి వాక్యాన్ని నమూనాగా స్వీకరిస్తే హాని. లోపభూయిష్టమైన పాఠంగా తరగతిముందు పెట్టి, సహజమైన తెలుగులోకి మార్చమంటే అదే వాక్యనిర్మాణానికి చక్కని అభ్యాసమవుతుంది. అయితే ఎక్కడ దిద్దాలో తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నప్పుడే ఇది సాధ్యం.

8. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. పరికరాల పంపిణీ సంఖ్య భాషాభ్యసనానికి కొలమానం కాదు. తరగతిలో విద్యార్థి ఎంతసేపు పలికాడు, ఎంత రాశాడు, ఎన్ని తప్పులు తానే దిద్దుకున్నాడు అన్నవి గమనించాలి.
2. గణవిభజన, అక్షరదోషాల సవరణ, వ్యాసరచన వంటి పనుల్లో విద్యార్థి ప్రయత్నం ముందు, యంత్రసహాయం తరువాత ఉండాలి.
3. తెలుగు కీబోర్డును, స్వీయపఠన రికార్డింగును భాషాబోధనలో భాగం చేయాలి.
4. పాఠ్యసామగ్రి అందరికీ అందుబాటులో ఉంటూ, స్థానిక ఉపాధ్యాయులు మార్చుకోవడానికి వీలుగా ఉండాలి.
5. ఉపాధ్యాయశిక్షణ పరికరాన్ని నడపడం దగ్గర ఆగక, దానిని ఎప్పుడు పక్కన పెట్టాలో కూడా తెలపాలి.

నల్లబల్ల అయినా, ట్యాబ్ అయినా తెలుగు తరగతిలో దాని విలువ విద్యార్థి గొంతును, చేతిని ఎంతగా పనిలో పెట్టిందన్న దానిమీద ఆధారపడి ఉంటుంది. ఆ దృష్టితో వాడితే పాత పద్ధతులకు అందని అవకాశాలు నూతన సాధనాల్లో ఉన్నాయి. ఆ దృష్టి లోపిస్తే చక్కగా అలంకరించిన పాఠం తెరమీద ముగుస్తుంది. పద్యం మాత్రం విద్యార్థి నోటికి రాదు.