శివారుకు నీరు

టెర్మినల్ ఎమ్యులేటర్ అంటే, 1978లో వచ్చిన వీటీ100 వంటి పాత తెరయంత్రాన్ని, దాని 24 వరుసలతో, వరుసకు 80 గడులతో సహా నేటి కిటికీలో అనుకరించే ప్రోగ్రాము. విండోస్ కోసం సైమన్ టాథమ్ రాసిన పుట్టీ 2004లో 0.54 కూర్పుతో యూనిక్స్‌కూ చేరింది. ఇలాంటి తరలింపులో అక్షరాలను గడులలో నింపే భాగం దాదాపు యథాతథంగా పనికివస్తుంది. కిటికీ, ఖతి, మౌసుతో ఎంచిన పాఠాన్ని మధ్య మీటతో అతికించే యూనిక్స్ అలవాటు వంటివే మిగిలిపోతాయి.

మిగిలినవాటిని వరుసపెట్టడమే అసలైన పనితనం. కృష్ణా డెల్టాలో కాలువ తవ్వడం ఒక ఎత్తయితే శివారు చేలకు నీరందించడం మరో ఎత్తని విజయవాడ దిగువన ఏ రైతునడిగినా చెబుతాడు. సాఫ్ట్‌వేరులో ఆ శివారు తరచు తెలుగు లిపే అవుతుంది. కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘కృష్ణ’లో యూనికోడ్ సంకేతాలు అయిదు, అక్షర వెడల్పును లెక్కించే వాడుక పద్ధతిలో పొల్లుకు సున్న, వట్రుసుడికి మాత్రం ఒక గడి దక్కడంతో మొత్తం నాలుగు గడులవుతాయి. ఖతి ఒత్తును కిందికి దించి రెండక్షరాలుగా కూర్చితే, కర్సరు మాత్రం నాలుగు గడులు దాటి ఎక్కడో దూరాన మిణుకుతుంది. వట్రుసుడికి గడి ఇచ్చి గుడికి ఇవ్వని ఆ లెక్క తెలుగువారికి వింతే. ఈ కర్సరు లోపానికి తొందరపడి అతుకు వేయక, గడుల లెక్కను మార్చితే షెల్లు, ఎడిటరు వంటి తక్కిన ప్రోగ్రాముల లెక్కతో పొసగదని గ్రహించి, మిగిలిన పనుల జాబితాలో దాని చోటు దానికి ఉంచగల నిపుణుడి ఓర్పు మెచ్చదగినది.