పేరుమోసిన పరిమళం – డిజైనర్ పెర్ఫ్యూమ్ ప్రచారం: ఒక పరిశీలన

తెరపై ప్రకటనకు రూపం, శబ్దం ఉంటాయి; వాసన ఉండదు. డిజైనర్ పెర్ఫ్యూమ్ ప్రచారం ఆ లోటును పేరుతో పూడుస్తుంది. పారిస్ దుస్తుల రూపకర్త పాల్ ప్వారే 1911లో తన పరిమళాలకు కూతురు రోజీన్ పేరు పెట్టాడు. తన పేరు వాడుకోలేదు. 1921లో వచ్చిన షనెల్ నంబర్ 5 రూపకర్త పేరునే సీసాకెక్కించింది. దుస్తులు కొనలేనివారికి ఆ పేరైనా అందుతుందన్నదే ఈ వ్యాపార సూత్రం.

హైదరాబాదు అత్తరు సంప్రదాయం ఇందుకు భిన్నం. చార్మినార్ వద్ద వర్తకుడు ముందు చేతిపై చుక్క రాస్తాడు. గులాబీ, మల్లె, మట్టి అంటూ మూలద్రవ్యం పేరే చెబుతాడు. తీర్పు ముక్కుది. ఇబ్రహీంపట్నంలో ఫోన్‌పై సీసాను ఎంచుకునేవారికి ఆ తీర్పు చెప్పే అవకాశం లేదు. కనుక విమర్శ గురిపెట్టవలసింది ప్రకటనలోని అతిశయోక్తిపై కాదు, అనుభవం స్థానాన్ని పేరు ఆక్రమించడంపై.