ఎర్రమంజిల్‌కి దొడ్డిదారి ఎక్కడ?

ఎర్రమట్టి గుట్టని జనం ఎర్రగడ్డ అన్నారు. 1870 ప్రాంతంలో దానిమీద మహలు కట్టించిన నవాబ్ ఫఖ్రుల్ ముల్క్, ఆ పిలుపుకి దగ్గరగా పలికే ‘ఇరం’ అనే పారశీక పదాన్ని ఏరుకున్నాడని చెబుతారు. ఇరం అంటే స్వర్గం. పేరులో సగం మనదన్నమాట!

2019 జూన్‌లో తెలంగాణ మంత్రివర్గం అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని నిర్ణయిస్తే, సెప్టెంబర్ 16న హైకోర్టు కొట్టేసింది. మేం సంతోషించాం. అయితే కాపాడాలన్నవాళ్ల మాటల్లో మాకు ఎక్కువగా వినబడింది నవాబు, గచ్చుపని, విందులే.

బాగుచేయడమంటే ఏమిటో చౌమహల్లాలో చూడొచ్చు. ఏళ్ల తరబడి మరమ్మతు చేసి 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో గుర్తింపూ వచ్చింది. పని గొప్పదే, కాదనం. గానుగ సున్నం గోడకి సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి పెచ్చులూడతాయి. అందుకే పాత సున్నపు పని తెలిసిన చెయ్యి కావాలి. ఆ చేతిని వెతికి తెచ్చుకుంటారు, రోజుకూలీ ఇచ్చి పంపుతారు. చూసేవాళ్లకి మిగిలేవి షాండ్లియర్లు, మోటారుకార్లు. రాయి కొట్టిన వడ్డెరలు, మలం ఎత్తిన ఆడవాళ్లు ఏ గదిలో ఉన్నారు?

మేం మా అమ్మని అక్కడికి తీసుకెళ్లాం. దర్బారు హాలు చూసి ఆమె అడిగింది ఒకటే: “ఇంత పెద్దింటికి దొడ్డి యాడుందిరా? ఎవలెత్తేటోళ్లు?”

పక్కన పరిశోధకులం ఉండీ జవాబు చెప్పలేకపోయాం. ఎర్రమంజిల్‌ని బాగుచేసే రోజొస్తే ముందుగా వెనక సందునీ, నౌకర్ల గదులనీ ప్లానులో గుర్తించాలి. వాటిని చదునుచేసి పూలమొక్కలు పెడితే ఊరుకోం.