కోడి మంచిదే, మట్టితోనే తంటా

యాంగోన్‌లో మే నెల మధ్యలో పట్టిన వాన అక్టోబరు దాకా వదలదు. మన నీలి నెమలి గుడ్లు పెట్టి పిల్లల్ని లేపేదీ ఇంచుమించు వానల రోజుల్లోనే. పిల్ల గుడ్డు పగలగొట్టుకుని బయటికొచ్చేసరికి నేల తడి, గాలి తడి, ఏమరితే మేత కూడా తడి. ఇక కరెంటు ఎప్పుడు పోతుందో, మళ్లీ ఎప్పుడొస్తుందో ఈ ఊళ్లో ఎవరూ పందెం కాయరు. ఇలాంటి చోట నెమలి పిల్లను నిలబెట్టడమంటే మాటలు కాదు. ఊరి శివార్లలో, లేగూ వైపు, నీలి నెమళ్లను పెంచే ఒక పెద్దాయన దగ్గర ఆ పని చూశాను. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ చేరిన కుటుంబం వాళ్లది. మూడు తరాలు గడిచినా మాటలో ఆ యాస చెక్కు చెదరలేదు.

"మందులేటి వాడతారు మావయ్యా?" అని అడిగితే ఆయన నవ్వారు. "జబ్బొచ్చినాక మందు ఎతుక్కోడం కాదు బాబూ. పిల్ల కాలు దేని మీద పెడతందో అది సూడు ముందు."

ఆ మాటలో ఎంత పశువైద్యం ఉందో పుస్తకాలు తిరగేస్తే గానీ నాకు బోధపడలేదు.

మొదటి వారం నెమలి పిల్లకు దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. ఒకదాని మీదొకటి ఎక్కి కిచకిచలాడుతుంటే చలి, రెక్కలు విడదీసి నోళ్లు తెరుచుకుని దూరంగా పడుకుంటే ఉక్క. బల్బు వెలిగినంతసేపూ పరవాలేదు. నడిరాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి గూట్లో పెట్టాలి. రోజూ రాత్రిళ్లు ఎవరు లేస్తారు? అందుకే అందరి చూపూ నాటుకోడి పెట్ట మీద పడుతుంది. దానికి కరెంటుతో పని లేదు. తన గుడ్లయితే 21 రోజుల్లో తేలిపోయే పని, నెమలి గుడ్లకు 28 రోజులు. ఆ అదనపు వారం కూడా విసుక్కోకుండా పొదుగుతుంది, ఆపైన పిల్లల్ని రెక్కల కింద దాస్తుంది.

చిక్కంతా ఆ రెక్కల కిందే ఉంది. బ్లాక్‌హెడ్ అనే జబ్బును కలిగించే హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి చాలా కోళ్ల పేగుల్లో ఉంటుంది. కోడికి దానివల్ల పెద్దగా ఏమీ కాదు. అదే టర్కీకో నెమలికో సోకితే పేగులూ కాలేయమూ పుండ్లు పడతాయి. 1895లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ టర్కీ కోళ్లలో దీన్ని గుర్తించి వివరించాడు. ఈ జీవి రెట్టతో బయటపడితే కొన్ని గంటల్లో చస్తుంది. కానీ కోడి పేగుల్లోని ఒక రకం నట్ట పెట్టే గుడ్లలో చేరిందంటే మట్టిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ గుడ్లను వానపాము మింగుతుంది, వానపామును పిల్ల మింగుతుంది. వానకు పైకొచ్చిన వానపామును తల్లికోడి ముక్కుతో లాగి, పిలిచి మరీ పిల్ల ముందు పడేస్తుంది. ప్రేమగా పెట్టిన ఆ ముద్దతోనే జబ్బు లోపలికి పోతుంది.

పెద్దాయన కోడిని వదులుకోలేదు, దాని కాళ్ల కింది మట్టిని తీసేశారు. పొదగ వేయడానికి ముందే పెట్టకు నట్టల మందు పట్టిస్తారు. పిల్లలు దిగాక తల్లినీ పిల్లల్నీ కలిపి వెదురు గుంజల మీద లేపిన గూట్లోకి మారుస్తారు. వరదకు జడిసి డెల్టా పల్లెల్లో ఇళ్లు కట్టినట్టే ఉంటుంది ఆ గూడు. అడుగున అర అంగుళం కన్నుల ఇనుప జాలీ, రెట్ట ఎప్పటికప్పుడు కిందకు రాలిపోతుంది. మొదటి కొన్ని రోజులు మాత్రం జాలీ మీద గరుకు గోనెగుడ్డ పరిచి రోజూ మారుస్తారు. నున్నటి కాగితం పరిస్తే లేత కాళ్లు చెరో పక్కకూ జారి, పిల్ల ఇక నిలబడలేదు. నీళ్ల చిప్పలో గులకరాళ్లు వేస్తారు, పిల్ల ముక్కు ముంచుతుందే తప్ప మునగదు.

నెమలి పిల్లకు మేత ఏరుకోవడం వెంటనే రాదు. అడవిలో తల్లి ముక్కు నుంచి అందుకుని తింటుంది. ఆయన ఉడికిన గుడ్డు పచ్చసొనను వేళ్ల మధ్య నలిపి, తల్లికోడి ముక్కు దగ్గర చల్లారు. అది 'క్లుక్, క్లుక్' అంటూ పొడవగానే ఒక పిల్ల మెడ సాచి, కోడి ముక్కుకంటిన తునకనే లాక్కుంది. మిగిలినవి దాన్ని చూసి మొదలుపెట్టాయి. ఆపైన టర్కీ పిల్లలకు పెట్టే దాణా, అందులో మాంసకృత్తులు 28 శాతం దాకా ఉంటాయి. మామూలు కోడిపిల్లల దాణా వీటికి చాలదు.

తడి తెచ్చే రెండో గండం రక్తపారుడు. దీన్ని తెచ్చే కాక్సీడియా అనే క్రిమి గుడ్లు తడి ఊకలో ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. దీనికి ఆంప్రోలియం మందును నీళ్లలో కలిపి ఇస్తారు. ఆ మందు బీ1 విటమిన్‌లా నటించి క్రిమిని ఆకలితో చంపుతుంది. పిల్ల నీరసపడిందని అదే నీళ్లలో బీ కాంప్లెక్స్ కూడా పోస్తే మందు పని పాడవుతుంది. రెక్కలు వాల్చి, గంధకం రంగు పసుపు రెట్ట వేస్తుంటే అది బ్లాక్‌హెడ్ గుర్తు, ఆ పిల్లను మాత్రం గంట కూడా ఆగకుండా వేరుచేసి పశువైద్యుడికి చూపించాలి. కొక్కెర తెగులు టీకా కూడా ఆ వైద్యుణ్ని అడిగే వేయించాలి.

ఇంత చెప్పింది నీలి నెమలి గురించి. బర్మా సొంత పక్షి పచ్చ నెమలి. కొన్‌బాంగ్ రాజుల జెండా మీద, మిండాన్ రాజు వెండి నాణేల మీద నిలిచింది అదే. 1936లో రంగూన్ యూనివర్సిటీ సమ్మెకు నిప్పు రాజేసిన విద్యార్థి పత్రిక 'ఓవే'కి పేరు కూడా నెమలి కూతే, సంపాదకుడు ఆంగ్ సాన్. ఇంత గౌరవం దక్కిన పక్షిని 2009 నుంచి అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో చూడాల్సి వస్తోంది. పెంపకంలో పచ్చ, నీలి నెమళ్లు జతకట్టి సంకర పిల్లల్ని కంటాయి, కాబట్టి రెంటినీ ఒక దొడ్లో ఉంచకపోవడమూ ఆరోగ్య జాగ్రత్తే, ఒక్క పిల్లకు కాకుండా మొత్తం జాతికి.

మన దగ్గర కథ వేరు. 1963లో జాతీయ పక్షి అయిన నెమలికి 1972 వన్యప్రాణి చట్టం గట్టి రక్షణ ఇచ్చింది. చేలో గుడ్లు కనబడ్డాయని తెచ్చి ఇంటి కోడి కింద పెట్టడం నేరం, పైగా అదే కోడి ద్వారా పిల్లలకు జబ్బు అంటించడం. వాటిని అటవీశాఖకు అప్పగించాలి. కానీ టర్కీ కోళ్లు పెంచే తెలుగు రైతులకు ఇదంతా అక్షరాలా పనికొస్తుంది. కోళ్లు తిరిగిన దొడ్లో టర్కీ పిల్లల్ని వదిలి, ఆనక మందుల షాపు చుట్టూ తిరిగేవాళ్లను నేను చాలామందిని ఎరుగుదును. నాలుగు గుంజలు, రెండు గజాల జాలీ, పెట్టకు ఒక్క మోతాదు నట్టల మందు. ఆ ఖర్చు ముందే పెట్టుకుంటే షాపువాడికి మన పేరు తెలియాల్సిన పనే రాదు.