వెనక వరస నుంచి ఒక మాట

విశ్వవిద్యాలయాల్లో మానవ హక్కుల సభలంటే మాకు గౌరవమే. పిలవకపోయినా వెళ్లి వెనక వరసలో కూర్చున్నవాళ్లం. అందుకే అడుగుతున్నాం.

2015 జులై 30న యాకూబ్ మెమన్‌ను ఉరి తీశారు. మరణశిక్ష వద్దని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అంబేద్కర్ విద్యార్థి సంఘం నిలబడింది. ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ డాక్యుమెంటరీ ప్రదర్శనను ఢిల్లీలో అడ్డుకుంటే ఆగస్టులో ఇక్కడ నిరసన తెలిపింది. తర్వాత గొడవ, ఫిర్యాదులు, కేంద్రమంత్రి లేఖ, అయిదుగురు దళిత పరిశోధకులకు హాస్టల్ నుంచి వెలి. వాళ్లు ఆరుబయట ‘వెలివాడ’ కట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండా పోయాడు.

ఆ తర్వాత ఎన్ని సభలు! కులం గురించి మాట్లాడారు. మాట్లాడాల్సిందే. కాని నేను విన్న ఉపన్యాసాల్లో చాలావాటిలో కథ వెలివాడ దగ్గరే మొదలయ్యేది. ఉరికంబం, ముజఫర్‌నగర్ జారిపోయేవి. యాకూబ్ పేరెత్తితే సానుభూతి పోతుందని భయమా? ఆ భయం మా ఇళ్లలో రోజూ ఉండేదే. దేశద్రోహులంటారని మేం నోరు మూసుకున్నరోజున ఆ దళిత తమ్ముళ్లు నోరు విప్పారు. మా మౌనానికీ జవాబు చెప్పుకోవాలి మేం.

నేరం రుజువైందన్న మనిషి ప్రాణం గురించి మాట్లాడలేని సభ, అమాయకుడి గురించి మాట్లాడినా అది జాలే అవుతుంది, హక్కు కాదు.

సెక్యులర్ మిత్రులారా, రోహిత్‌ను తల్చుకునేటప్పుడు అతని సంఘం ఎవరి పక్కన నిలబడిందో కూడా చెప్పండి. సగం చెబితే అతన్ని సగమే తల్చుకున్నట్టు.