రాయిని కదపని చేతులు

చరిత్ర మీద ప్రేమకు అనంతపురం సీమలో కొదవ లేదు. పొలం గట్టున రాతి మీద నాలుగు అక్షరాలు కనబడితే చాలు, సుద్ద పూసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో పెట్టేదాకా నిద్రపట్టని వాళ్లు ఊరికొకరైనా ఉంటారు. ఆ ప్రేమను తప్పు పట్టను గానీ, ఆ సుద్దను పడతాను. గీత ఏదో పగులు ఏదో తెలియకుండా దిద్దితే, దిద్దినవాడు ఊహించుకున్న అక్షరమే ఫొటోలో మిగులుతుంది. తర్వాత చదివేవాడు దాన్నే నమ్ముతాడు. చిన్న మ్యూజియానికి అభిమానులు ఎంతమంది ఉన్నా పని జరగదు. జీతం అడగకపోయినా, ఒక్కొక్కరికి ఒక్కో పని చేతికి వచ్చిన మనుషులు కావాలి.

అనంతపురంలో జిల్లా పురావస్తు ప్రదర్శనశాల ఉంది. హేమావతిలో నొళంబ రాజుల కాలం శిల్పాలను గుడి దగ్గరే భద్రపరిచారు. కానీ ఈ సీమ చరిత్రలో ఎక్కువ భాగం గదుల్లో లేదు. చెరువు తూముల పక్కన శాసనాలు, ఊరి బయట వీరుల గుర్తుగా నిలిపిన వీరగల్లులు, గుత్తి, పెనుకొండ, రాయదుర్గం కోటల గోడలు అన్నీ ఎండలోనే ఉన్నాయి. అందువల్ల ఇక్కడి మ్యూజియానికి సాయపడేవాడి పని గడప బయటే మొదలవుతుంది. రాళ్లన్నీ తెచ్చి హాల్లో నిలబెడితే సరిపోదా అంటే, హేమావతి సంగతే చూడండి. అక్కడి నల్లరాతి స్తంభాలు కొన్ని తమిళనాడులోని తిరువయ్యారు ఆలయంలో ఉన్నాయి. చోళులు తీసుకెళ్లారని చరిత్రకారులు అంటారు. మరికొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియానికి చేరాయి. వాటి మీద సి. శివరామమూర్తి 1964లో పుస్తకమే రాశారు. మన ఊరి శిల్పం చూడటానికి మనం చెన్నై రైలెక్కాలి. ఊరు దాటిన రాయి శిల్పంగా మిగలొచ్చు. ఏ చెరువు నీళ్లు ఎవరికి రాసిచ్చారో చెప్పే సాక్ష్యంగా మాత్రం మిగలదు.

కాబట్టి మొదటి పనివాడు రాయిని కదపకుండా దాని అచ్చు తెచ్చేవాడు. దీన్ని ఎస్టాంపేజ్ అంటారు. చూడటానికి సులువే. ముందు రాతిని మంచినీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. ఇనుప తీగల బ్రష్షు, ఆసిడ్ దగ్గరికి రానివ్వకూడదు. దళసరి కాగితాన్ని తడిపి రాతి మీద పరిచి, మధ్యలోంచి అంచులకు గాలి బుడగలు పోయేలా నొక్కాలి. తర్వాత గట్టి కుచ్చు బ్రష్షుతో సమంగా కొడుతూ పోతే కాగితం అక్షరాల గాడిలోకి దిగుతుంది. ఎక్కువ కొడితే చిరుగుతుంది, తక్కువ కొడితే దిగదు. కాగితం సగం ఆరినప్పుడు, దీపపు మసి, బంక కలిపిన సిరాను గుడ్డ చుట్టిన గుండ్రటి దిండుతో అద్దాలి. పైభాగం నల్లబడి, గాడిలోని అక్షరం తెల్లగా తేలుతుంది.

సగం ఆరడం అనేదే ఈ సీమలో చిక్కు. తడి ఎక్కువుంటే సిరా పాకి అక్షరం మూసుకుపోతుంది, పూర్తిగా ఆరితే కాగితం రాతిని వదిలేస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పే గాలి, పది గంటలకే మండే ఎండ, ఈ రెంటి మధ్య అదను నిమిషాల్లోనే దాటిపోతుంది. తెల్లవారుజామునే మొదలుపెట్టి, గాలి వచ్చే వైపు దుప్పటి అడ్డం పట్టే మనిషి ఒకరుండాలి. ఆ దుప్పటి పట్టడం కూడా నేర్చుకోవలసిన పనే.

రాయి పెద్దదైతే కాగితాలు చాలా పడతాయి. ప్రతి కాగితం వెనకా వరస సంఖ్య, పైవైపు ఏదో తెలిపే గుర్తు వేయకపోతే ఇంటికొచ్చాక శాసనం తారుమారవుతుంది. గుత్తికి దగ్గర్లో, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు సాగుతాయి, దున్నేటప్పుడు ఎద్దులు సాలు చివర మళ్లినట్టు. అలాంటి చోట ఒక్క కాగితం తిరగబడినా పండితుడికి కూడా దిక్కు తోచదు. ఆ శాసనాలను 1929లో లోకానికి చూపించింది చరిత్రకారుడు కాదు, అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. రాళ్లు చూడటం ఆయన వృత్తి.

అచ్చు తెచ్చాక చదివేవాడు కావాలి. మడకశిర, అమరాపురం వైపు శాసనాల్లో కన్నడం ఎక్కువ. తెలుగు ఒక్కటే వస్తే సగం దూరమే పోగలం. తేదీ లెక్క వేరే విద్య. క్రీస్తు శకం రావాలంటే శక సంవత్సరానికి 78 కలపాలి, జనవరి మొదలు ఉగాది లోపు తిథులకు 79. ఆ వచ్చిన ఏడు శాసనంలోని సంవత్సరం పేరుతో సరిపోయిందా అని అరవై సంవత్సరాల చక్రంలో చూడాలి. అనంతపురం చెరువును చిక్కప్ప ఒడెయరు 1364లో కట్టించాడంటారు. శక లెక్కలో అది 1286, పేరు క్రోధి; మొన్న 2024 ఉగాదికి వచ్చినదీ క్రోధే, మధ్యలో పదకొండు చుట్లు. అంకె, పేరు పొత్తు కుదరకపోతే చెక్కినవాడో చదివినవాడో పొరబడ్డాడన్నమాట.

ఇంట్లో అటక మీద దొరికేవి వేరే రకం. తాటాకు కట్ట విప్పేటప్పుడు తాడు లాగకూడదు, చిల్లు దగ్గర ఆకు చీలుతుంది. దుమ్ము మెత్తటి కుంచెతో దులిపి, పెళుసెక్కిన ఆకుకు నిమ్మగడ్డి నూనె పలచగా రాస్తారు. గంటపు గీత కనబడకపోతే మసి పట్టించి తుడుస్తారు. ఈ అలవాటుతోనే కడతం ముట్టుకుంటే కొంప మునుగుతుంది. గుడ్డకు చింతగింజల గంజి, బొగ్గుపొడి పట్టించి, మడతలు పెట్టి, బలపంతో లెక్కలు రాసుకున్న పుస్తకం అది. తడిగుడ్డ ఒక్కసారి తగిలితే రెండు తరాల లెక్క మాయం.

నమోదు పుస్తకం రాసేవాడిని ఎవరూ ఫొటో తీయరు. కానీ ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, కొలతలెంత, ఏ స్థితిలో వచ్చింది అన్నది రాయకపోతే వస్తువు అనాథే. అంకెను వస్తువు మీద నేరుగా రాయకుండా, తీసేయగలిగే వార్నిష్ పూత మీద రాయాలి. చిరునామా కూడా చిక్కే. 1882 దాకా ఈ నేల బళ్లారి జిల్లా. హేమావతి, లేపాక్షి, పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. పాత పేరు కొట్టేయకుండా కొత్తది పక్కన చేర్చడమే పద్ధతి.

పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసేవాళ్లు తరచూ చేసే తప్పు, ఏ సంవత్సరం అని అడగడం. ఈ సీమలో కాలానికి గుర్తులు కరువులు. అవ్వ తన అవ్వ చెప్పిన ధాత కరువు గురించి చెబితే అది 1876 అని వినేవాడికి తెలిసి ఉండాలి. కరువులో గంజి పోసిన కేంద్రాలు అంటే 1950ల మొదట్లోకి వచ్చామని పోల్చుకోవాలి. మధ్యలో అడ్డు తగలకుండా వినడం మాత్రం ఏ శిక్షణా నేర్పదు.

ఇలా పని పంచుకోవడం మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడప బంగళాలో సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, నకలు రాసేవారు, పాఠాలు పోల్చేవారు, సూచిక తయారుచేసేవారు అని పని విడదీశాడు. ఆ బంగళా శిథిలమైన చోటే గ్రంథాలయం లేపడానికి పూనుకున్న జానమద్ది హనుమచ్ఛాస్త్రి 1926లో పుట్టింది మన రాయదుర్గంలోనే. ఊరూరా మనుషులను కదిలించి విరాళాలు, పుస్తకాలు రాబట్టడం ఆయన నేర్పు. మ్యూజియానికి అదీ ఒక ప్రత్యేక విద్యే. అది వచ్చినవాడికి శాసనం చదవడం రాకపోయినా నష్టం లేదు.

చట్టం తెలిసినవాడు ఒకడు తప్పకుండా ఉండాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. బావి తవ్వుతుంటే నాణేల కుండ బయటపడితే మ్యూజియం మిత్రుడు దాన్ని సంచిలో వేసుకుని రావడం సేవ కాదు, నేరం.

ఇంతమంది ఎక్కడ దొరుకుతారంటే, సగం మంది ఇక్కడే ఉన్నారు. రిటైరైన లెక్కల మాస్టారు శక సంవత్సరాలు చూడగలడు, రెవెన్యూలో పనిచేసిన ఆయన పాత సర్వే గుర్తులు చదవగలడు. పాత తోలుబొమ్మ వంకర తిరిగితే ఏం చేయాలో ధర్మవరం మండలం నిమ్మలకుంట కళాకారులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అయితే జీతం లేని సేవ పింఛను వచ్చేవాళ్లకే సరిపోతుంది. బొమ్మలు చేసి అమ్ముకుని బతికే మనిషిని ఒక రోజు పిలిస్తే ఆ రోజు కూలి పోయినట్టే. దారి ఖర్చు, భోజనం, ఆ రోజు కూలి పక్కన పెట్టుకున్నాకే కబురు పెట్టాలి.